ఆల్మట్టి గేట్లు ఎత్తిండ్రా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీల ప్రపంచంల రాబోయే మార్పులను, ముప్పులను ముందుగాల అంచనా కట్టుడు గురించి రాసిన. దాన్నే ఇంగ్లీషోళ్లు స్ట్రాటజిక్ ఫోర్‌సైట్ అంటరు. ఉత్తరాలు మస్తు వచ్చినయి, వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్‌లు పెట్టినోళ్లు కూడా ఉన్నరు, అన్నీ విన్న. కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్న. పేర్లు వెయ్యొద్దని శానమంది అన్నరు కాబట్టి ఊరి పేర్లే పెట్టిన.

మిర్యాలగూడ నుంచి, రైస్ మిల్లుల లెక్కలు రాసే అన్న: ఈ ఫోర్‌సైట్‌కు, పంచాంగం చూసి చెప్పుడుకు తేడా ఏంది? 2023ల బియ్యం ఎక్స్‌పోర్ట్ బంద్ పెట్టినప్పుడు మా మిల్లుల ఒక్కరికి కూడా ముందు తెల్వలే. తెలిసేదే అయితే ఎవరికన్నా తెలియాలె గదా?

తేడా ఉన్నదన్నా. పంచాంగం ఫలానా రోజు ఫలానాది అయితదని ఒక్కటే మాట చెప్తది. ఫోర్‌సైట్ అట్ల ఒక్క మాట మీద నిలబడదు, ఇట్ల కావొచ్చు, అట్ల కావొచ్చు, ఇట్లయితే నీ గతేంది, అట్లయితే నీ గతేంది అని అడుగుతది. కానీ అన్నీ "కావొచ్చు"లే కావు, కొన్ని ఆల్రెడీ జరిగిపోయి ఉంటయి, మన దాకా రావుడు ఒక్కటే ఆలస్యం.

మీది సాగర్ ఆయకట్టు కాబట్టి మీకు నేను చెప్పే పని లేదు. జులైల మీ తాన చుక్క వాన లేకున్నా మీ రైతులు టీవీల ఏం చూస్తరు? మహారాష్ట్రల పడ్డదా, కృష్ణ మీద ఎగువన కర్ణాటకల ఉన్న ఆల్మట్టి డ్యామ్ ఎంత నిండింది, గేట్లు ఎత్తిండ్రా, నారాయణపూర్‌కెళ్లి ఎంత వదులుతున్నరు, జూరాలకు ఎంతొచ్చింది, శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులకు ఎంత దూరంల ఉన్నది, ఇగ సాగర్‌కు ఎన్నడొస్తయి, నారు ఎప్పుడు పొయ్యాలె. ఇది జోస్యం కాదు. పైన పడ్డ వాన కిందికి రాక తప్పదు, ఆ లెక్క తెలిసినోడు ఎడ్డి మొహం వేసుకొని కూసోడు.

షెల్ ఆయిల్ కంపెనీల పియర్ వాక్ అని ఒక ఫ్రెంచాయన ఉండె, 1970ల మొదట్ల ఈ పనిని కంపెనీలకు నేర్పినోళ్లల్ల ముఖ్యుడు. ఆయన చెప్పిన పోలిక కూడా మన దేశం నదిదే, గంగ ఎగువన కుండపోత వాన పడ్డదంటే రెండు రోజులకు రిషికేశ్‌ల, ఇంకొన్ని రోజులకు అలహాబాద్‌ల, ఆ తర్వాత కాశీల ఏమైతదో ముందే తెలుస్తది అనేటోడు. ఆయన టీమ్ చూసిన "ఎగువ వాన" ఏందంటే, అమెరికా, జపాన్, యూరప్ ఆయిల్ వాడకం పెరిగిపోతున్నది, ఆ ఆయిల్ అరబ్బు దేశాల చేతిల ఉన్నది, ఇంక చవకగ ఎందుకియ్యాలె అన్న ఆలోచన వాళ్లకు వచ్చేసింది. తేదీ చెప్పలే, యుద్ధం అయితదని కూడా చెప్పలే. ధర ఎగురుతది, అప్పుడు మనం ఏం చేస్తం అని మేనేజర్లను కూసోబెట్టి అడిగిండ్రు. 1973 అక్టోబర్ల యుద్ధం మొదలైంది, 3 డాలర్లున్న బ్యారెల్ 1974 జనవరికి 12 డాలర్ల దగ్గరికి పోయింది, మిగతా కంపెనీలు తలకాయ పట్టుకున్నప్పుడు షెల్ వాళ్లు ఆ పాఠం ఒకసారి చదివి ఉన్నరు.

ఇగ మీ బియ్యం ముచ్చట. 2022 మేల గోధుమల ఎక్స్‌పోర్ట్ ఆపిండ్రు. సెప్టెంబర్ల నూకలు ఆపిండ్రు, తెల్ల బియ్యం మీద 20 శాతం ఎక్స్‌పోర్ట్ సుంకం వేసిండ్రు. 2023 జూన్‌ల ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలు కంటే వేడెక్కుడు, మొదలైందని అమెరికా వాతావరణ సంస్థ ప్రకటించింది, ఎల్ నినో వచ్చిన ఏడు మన వానలు దెబ్బతినే భయం ఎక్కువ. ముందల ఎలక్షన్లు ఉన్నయి, ఎలక్షన్ల ముందు బియ్యం ధర పెరుగుడు ఏ ప్రభుత్వానికీ నచ్చదు. ఈ నాలుగూ ఒక కాయితం మీద పక్కపక్కన రాస్తే జులై 20న వచ్చిన ఆర్డర్ పిడుగు లెక్క అనిపించదు. తేదీ ఎవ్వరికీ దొరకదు గానీ "ఈ సీజన్‌ల బంద్ అయ్యే చాన్స్ ఉన్నది, ఎక్స్‌పోర్ట్ పార్టీ మీదనే మొత్తం సరుకు పెట్టుడు వద్దు" అన్న మాట మాత్రం దొరుకుతుండె. మల్ల 2024 సెప్టెంబర్ల ఎత్తేసిండ్రు, దానికి కూడా గుర్తులున్నయి, గోదాములు నిండుడు, వానలు మంచిగ పడుడు. మీరు మిల్లులనే ఉంటరు కదా, గోదాం నిండుడు మీకంటే ముందు ఎవరికి కనపడ్తది చెప్పుండ్రి.

దేవరకొండ దిక్కు నుంచి ఒక రైతు: ఎక్కన్నో యుద్ధమైతే నా పత్తి చేనుకు యూరియా దొరకకపోవుడేంది సారూ? నిరుడు చెప్పులు లైన్ల పెట్టి రెండు రోజులు తిరిగిన.

ఆ చెప్పుల లైన్ నేను కూడా కండ్లార చూసిన, 2025 ఆగస్టుల, తెల్లారక ముందు. షట్టర్ ముందల ఒక హవాయి చెప్పు, దాని పక్కన పాస్‌బుక్ జిరాక్స్ మీద రాయి, దాని పక్కన ఒకామె నీళ్ల సీసా, ఇట్ల రోడ్డు దాకా, మనుషులేమో ఎదురుంగ టీ కొట్టు అరుగు మీద కూసున్నరు. ఒక ముసలాయన తన జత చెప్పుల్ల ఒక్కటే లైన్ల పెట్టి ఇంకోటి కాలుకు వేసుకొని కూసున్నడు, రెండూ పెడితే ఎవడన్న ఎత్కపోతడని.

ఆ చెప్పు కింద ఉన్న తాడు ఎక్కడి దాకా పోతదో చెప్త వినుండ్రి. యూరియా సహజవాయువుతోని తయారైతది. మన దేశం వాడే గ్యాస్‌ల దగ్గర దగ్గర సగం బయటికెళ్లి ఓడలల్ల వస్తది, అండ్ల అన్నిటికన్నా పెద్ద వాటా ఖతర్‌ది. ఖతర్ ఓడ బయటికి రావాలంటే హార్ముజ్ జలసంధి దాటాలె, ఇరుకు జాగల అది 33 కిలోమీటర్ల వెడల్పు, దేవరకొండ నుంచి నల్లగొండ కంటే తక్కువ. ప్రపంచం వాడే ఆయిల్‌ల ఐదో వంతు అదే సందుల నుంచి పోయేది. 2025 జూన్‌ల ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకున్నప్పుడు అందరి కండ్లు ఆ సందు మీదనే. తయారైన యూరియా కూడా మనం కొంటం, ఒమన్, రష్యా, అట్ల. చైనా ఒకప్పుడు మనకు బాగ పంపేది, 2021 అక్టోబర్ నుంచి తన రైతులకు సరిపోను ఉండాలని పట్టి పట్టి ఇడుస్తున్నది. పొటాష్ అయితే మొత్తం దిగుమతే. 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంల యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టినంక శాన ఓడలు ఆఫ్రికా కింది నుంచి చుట్టూ తిరిగి వచ్చినయి, ఒక్కో ట్రిప్పుకు పది రోజులకు పైనే ఎక్కువ.

ఒక సంగతి మాత్రం మనసుల పెట్టుకోండి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు అని ధర గట్టిగ కట్టేసి ఉన్నది, పై ఖర్చంతా సబ్సిడీ. అందుకే ప్రపంచంల ఏదన్న తకరారు అయితే అది మీ దగ్గరికి రేటు రూపంల రాదు, క్యూ రూపంల వస్తది. డీజిల్ రేటు పెరిగితే అందరికీ తెలుస్తది, యూరియా కష్టం మాత్రం లైన్ల నిలబడ్డ రోజే తెలుస్తది. కాబట్టి మీరు చూడాల్సింది రేటు కాదు. మార్చి, ఏప్రిల్‌ల గల్ఫ్ దిక్కు గొడవ వార్తలు, చైనా ఎక్స్‌పోర్ట్ వార్తలు, మీ సొసైటీల మిరుగం ముందు ఎన్ని బస్తాలు దిగినయి, ఈ మూడు చూసుకోండి. మూడూ మంచిగ లేవనిపిస్తే మొదటి డోసు వరకన్న ముందే తెచ్చి పెట్టుకొనుడు, ఒక చెలకల పచ్చిరొట్ట ఎరువుకు జనుమో జీలుగో చల్లి దున్నుడు. కౌలు రైతుకు ఇది ఇంకా కష్టమని నాకు తెలుసు, పాస్‌బుక్ లేనోనికి ముందుగాల ఇచ్చేటోడు ఎవడు, దాని మీద ఎవరూ సరిగ మాట్లాడ్తలేరు, నాకు అదే శాన బాధ.

వనపర్తి దగ్గరి ఊరి నుంచి: నాలుగెకరాలు ఉన్నది, బోరు ఉన్నది. ఆయిల్ పామ్ పెట్టుమని అందరు అంటున్నరు. పెట్టాల్నా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఎందుకంటే వరి వేసినోడు నాలుగు నెలల ముందుకు చూస్తే సాలు, ఆయిల్ పామ్ పెట్టినోడు నాలుగేండ్లు పంట రాకుండ ఆగి, అటెన్క 25, 30 ఏండ్లు దాంతోనే ఉండాలె. అంటే నీ చేను 2050 దాకా ఇండోనేషియా రాజకీయంతోని ముడిపడ్తది. ఇది ఎవుసం నిర్ణయం ఎంతనో విదేశాంగ నిర్ణయం కూడా అంతే.

మూడు కాయితాలు తీసుకో అన్నా, నిజంగ తీసుకో. మొదటి దాని మీద మంచి రోజులు రాయి. మన దేశం తినే నూనెల సగానికి పైన బయటిదే, ప్రపంచంల పామాయిల్‌ల పెద్ద భాగం ఇండోనేషియా, మలేషియా రెండిట్లనే కాస్తది, ఇండోనేషియా ఏడాదికేడాది దాన్ని డీజిల్‌ల ఎక్కువెక్కువ కలుపుకుంటున్నది. 2022 ఏప్రిల్ 28న ఎక్స్‌పోర్టే ఆపేసింది, మే 23 దాకా, అప్పుడు మన దుకాణంల నూనె పాకెట్ రేటు యాదికి తెచ్చుకో. ఇది ముందుకు కూడా ఇట్లనే పోతే గెలలకు మంచి రేటు ఉంటది. 2021ల కేంద్రం 11,040 కోట్లతోని ఆయిల్ పామ్ మిషన్ పెట్టింది కూడా ఈ భయంతోనే.

రెండో కాయితం మీద దిగుమతి సుంకం రాయి. 2024 సెప్టెంబర్ల ముడి పామాయిల్ మీద అన్నీ కలిపి సుంకం 5.5 శాతం నుంచి 27.5కు పెంచిండ్రు, రైతు ఖుష్. 2025 మే ఆఖరికి 16.5కు దించిండ్రు, ఎందుకంటే పట్నంల నూనె రేటు మండుతున్నది. ఎనిమిది నెలల్ల ఇటు నుంచి అటు. నీ చెట్టు పాతికేండ్లు ఉంటది, సుంకం ఎనిమిది నెలలు ఉంటది. నువ్వు మోసే రిస్క్ ఇదే, పురుగు కాదు, తెగులు కాదు.

మూడో కాయితం నీళ్లది. ఎకరానికి 57 చెట్లు, ఎండకాలం ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు తక్కువ వేసుకోకు, అంటే ఎకరానికి 11,000 లీటర్లకు పైనే, నాలుగెకరాలకు 45,000. ఏప్రిల్‌ల నీ బోరు ఇంత పోస్తదా, రెండు ఏండ్లు వరుసగ కరువొస్తే పోస్తదా?

ఇప్పుడు మూడు కాయితాలు పక్కపక్కన పెట్టి చూడు, మూడింట్ల దేంట్ల కూడా నువ్వు మునగకుండ ఉండే పని ఏది? నా లెక్కల అయితే రెండెకరాలు పెట్టుడు, మొదటి మూడేండ్లు అంతర పంట వేసుకొనుడు, మిగిలిన రెండెకరాలల్ల పల్లి, జొన్న, కూరగాయలు నీ చేతిల ఉంచుకొనుడు. ఫ్యాక్టరీ ఎంత దూరంల ఉన్నదో కూడా కనుక్కో, కోసిన గెల ఒక రోజు దాటితే నూనె నాణ్యత పడిపోతది. ఫ్యాక్టరీ వస్తది వస్తది అనే మాట మీద పెట్టకు, లేచిన గోడ చూసి పెట్టు.

కల్వకుర్తి నుంచి ఒక తల్లి: మా బాబు అమెరికాల ఎం.ఎస్. చేస్తున్నడు. 40 లక్షల అప్పు. రోజొక వార్త వింటున్న, నిద్ర పడ్తలేదు. ఏమైతదో చెప్పండి తమ్ముడూ.

అక్కా, ఏమైతదో నేను చెప్పలేను, చెప్పినోణ్ని నమ్మకండి. ఒకటి మాత్రం చెప్త. 2025 సెప్టెంబర్ల అమెరికాల ఉద్యోగం చేసుకోనిచ్చే హెచ్1బీ వీసా కొత్త అప్లికేషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించినప్పుడు మొత్తం రాత్రికి రాత్రే అయినట్టు అనిపించింది గానీ, బయటి దేశపోళ్ల ఉద్యోగాల మీద అక్కడ కోపం పదేండ్ల సంది పెరుగుతనే ఉన్నది. పార్టీ మారితే గాలి కొంచెం మారుతది, వాగు మాత్రం ఆ దిక్కే పోతున్నది.

మీరు రోజూ వార్త చూసుడు బంద్ చేసి బాబుతోని ఒకసారి కూసొని మూడు గుర్తులు రాసుకోండి. చదువు అయినంక పని చేసుకోనిచ్చే పర్మిషన్ నియమం మారితే ఏం చెయ్యాలె, చదువైన ఆరు నెలలకు కూడా ఉద్యోగం రాకపోతే ఏం చెయ్యాలె, డాలర్ ఫలానా రేటు దాటితే అప్పు ఎట్ల కట్టాలె. ఒక్కోదానికి ఎదురుంగ ఒక్కో పని, హైదరాబాద్ల పని చూసుడో, ఇంకో దేశమో, ప్లాట్ అమ్ముడో. ఆ గుర్తు వచ్చే దాకా దాని గురించి మాట్లాడొద్దని ఒప్పందం చేసుకోండి. బాబు కూడా అక్కడ భయపడ్తనే ఉంటడు, మీకు చెప్పడు.

నల్లగొండ, డిగ్రీ మూడో సంవత్సరం: ఇది నేర్చుకోవాలంటే ఎట్ల అన్నా? దీంట్ల నిజమైన ఎక్స్‌పర్ట్స్ ఎవరు?

తమ్మీ, ఫిలిప్ టెట్లాక్ అని అమెరికా ప్రొఫెసర్ ఉన్నడు, 284 మంది ఎక్స్‌పర్టుల దగ్గర ఏండ్ల తరబడి 80,000కు పైన అంచనాలు తీసుకొని తర్వాత నిజంగ ఏమైందో దానితోని సరిచూసిండు. సగటున వాళ్లు గుడ్డిగ రాయి ఇసిరినోని కంటే పెద్దగ నయం లేరు. లోకమంతా ఒకటే సిద్ధాంతంతోని నడుస్తదని గట్టిగ చెప్పేటోళ్లు, అంటే టీవీల మంచిగ కనపడేటోళ్లు, ఇంకా తప్పినరు. తర్వాత 2011 నుంచి మామూలు జనంతోని అదే పని చేయించిండు, అండ్ల కొంతమంది ఏడాదికేడాది మంచిగ చెప్పుకుంట వచ్చినరు. వాళ్ల గుణం ఏందంటే శాతాలల్ల చెప్తరు, కొత్త సమాచారం వస్తే సిగ్గుపడకుండ మార్చుకుంటరు, లెక్క రాసుకుంటరు.

నువ్వు కూడా ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టు. నాది మూడో పుస్తకం నడుస్తున్నది, నెలకు మూడు అంచనాలు, పక్కన శాతం, పక్కన తేదీ, తేదీ వచ్చినంక ఎర్ర పెన్నుతోని అయిందా కాలేదా. మొదటి ఏడాది నేను 90 శాతం అని రాసినయి సగం కూడా కాలే, అప్పటి నుంచి 90 అని రాయాలంటే చెయ్యి ఆగుతది.

మెల్లగ నడిచే వాటితోని మొదలుపెట్టు, జనాభా అన్నిటికన్నా నమ్మకమైంది, 2045ల ఇరవై ఏండ్లు ఉండేటోళ్లు ఇప్పటికే పుట్టిండ్రు. 2023ల మన దేశం చైనాను దాటింది గానీ మన తెలంగాణల 2019-21 సర్వే లెక్కల ఒక ఆడామెకు సగటున పిల్లలు 1.8 మాత్రమే, జనాభా నిలబడాలంటే 2.1 కావాలె. మీ ఊరి ప్రైమరీ స్కూల్ల హాజరు పట్టి చూడు, ఆ నంబర్ నీకు అక్కడనే కనపడ్తది. ఫిన్లాండ్ పార్లమెంటుల భవిష్యత్తు చూసుకునుడుకే 1993 నుంచి ఒక కమిటీ ఉన్నది, సింగపూర్ల 2009 నుంచి ప్రభుత్వంల ఒక సెంటర్ ఉన్నది, మన జిల్లా పరిషత్తుల ఇసొంటిది ఒక్కటి ఎందుకు ఉండొద్దని నాకు ఎప్పుడూ అనిపిస్తది.

మునుగోడు నుంచి: మూడో ప్రపంచ యుద్ధం ఫలానా తారీఖు అని గ్రూపుల వచ్చింది, నిజమేనా?

తారీఖు రాసిండంటే అబద్ధం. డిలీట్ చెయ్యండి, ఎవరికీ పంపకండి.

అలంపూర్ నుంచి: ఇన్ని చెప్తున్నరు గదా, 2009 అక్టోబర్ల మా ఇండ్లు మునిగినప్పుడు ఎవరన్న ఎందుకు చెప్పలే? అందరు ఆల్మట్టి దిక్కే చూసినం.

మీ ప్రశ్నకు నేను రెండు రోజులు ఆలోచించిన. నిజమే, ఆ ఏడు వానాకాలం సగం ఎండింది, అందరం కరువు అనుకున్నం, అందుకే శ్రీశైలంల నీళ్లు నిండుగ ఆపుకొని ఉన్నరు. అప్పుడు వాన పడ్డది మహారాష్ట్రల కాదు, మన పక్కనే, కర్నూలు, రాయచూర్, మన పాలమూరు మీద, తుంగభద్ర దిక్కు నుంచి ఒక్కసారి వచ్చింది. శ్రీశైలానికి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, డ్యామ్ కట్టినప్పుడు వేసుకున్న లెక్క సుమారు 19 లక్షలే. ఎప్పుడూ వచ్చే దిక్కు వైపే కాపలా పెట్టినం, ఇంకో దిక్కు నుంచి వచ్చింది. పైన నేను మిర్యాలగూడ అన్నకు చెప్పిన పద్ధతిల ఉన్న పెద్ద లోపం ఇదే, దాన్ని మీరు పట్టుకున్నరు. దేశాల ముచ్చటల కూడా ఇంతే, 2020ల అందరు వ్యాపార యుద్ధాల మీద కన్ను పెట్టి ఉంటే వచ్చింది వైరస్.

అందుకే ఈ పని తెలిసినోళ్లు ఆఖరికి ఒక ప్రశ్న తప్పకుండ అడుగుతరు, మనం దేని దిక్కు అసలు చూస్తలేం, అది వస్తే ఏం మిగుల్తది? మీ ఇంట్ల ఆ ప్రశ్నకు జవాబు గోడ మీదనే ఉన్నది. నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చినయో ఆ బురద గీత ఇంకా కనపడ్తదని రాసిండ్రు, ఈ దసరాకు సున్నం వేస్తున్నం అని కూడా రాసిండ్రు. సున్నం వేసే ముందు ఆ గీత మీద మొల కొట్టి 2009 అక్టోబర్ అని పెయింటుతోని రాయండి, భూమి పాస్‌బుక్‌లు, పిల్లల సర్టిఫికెట్లు ఆ మొల కంటే పైన ఉండే అటక మీదికి మార్చండి. పక్కింటోళ్లకు కూడా చెప్పండి, వాళ్లు కొత్తగ వచ్చినోళ్లయితే వాళ్లకు ఆ గీత ఏందో తెల్వదు.